ఇసుక మీద కేకు

మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కనే ఇసుక డబ్బా ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మూత తీసి చూసి ముక్కున వేలేసుకుంటారు. జల్లించి, కడిగి, ఎండబెట్టిన కృష్ణ ఇసుక అది. వేడికి కాగీ కాగీ నల్లబడిపోయింది. మా పిల్లల పుట్టినరోజు కేకులన్నీ దాని మీద పొంగినవే.

గుణదలలో అద్దెకున్న రోజుల్లో పక్కింటి టీచరు గారు నేర్పారు నాకు. డిసెంబరు మూడో వారం వచ్చిందంటే వాళ్ల కుక్కరుకి తీరికుండేది కాదు. గ్యాస్కెట్ తీసెయ్యాలి, వెయిట్ పెట్టకూడదు, నీళ్లు అసలే పొయ్యకూడదు. అడుగున ఇసుక పోసి, దాని మీద స్టాండు పెట్టి, పది నిమిషాలు కాగనిచ్చాక కేకు గిన్నె దించాలి. ఇసుక మెల్లగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని పట్టి ఉంచుతుంది, మంటని నేరుగా గిన్నెకి తగలనివ్వదు. వేరుశెనక్కాయలు వేయించే బండివాళ్లకి ఎప్పటినుంచో తెలిసిన కిటుకే ఇది.

మన వంటల్లో కొలతలు చేతిలో ఉంటాయి. పులిహోరలో ఉప్పెంత అంటే ‘చూసి వెయ్యి’ అంటారు. కేకు దగ్గర ఆ మాట చెల్లదు. టీచరు గారి లెక్క తక్కెడ లెక్క. గుడ్లు ఎంత తూగితే మైదా అంత, పంచదార అంత, వెన్న అంత. నాలుగు గుడ్లు 200 గ్రాములు తూగితే మిగతా మూడూ తలో 200.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని వెన్న, పంచదార కలిపి గిలకొట్టడం. మొదట్లో గిన్నె అంచున పంచదార గరగరమంటుంది. చెయ్యి నొప్పెట్టే వేళకి ఆ చప్పుడు సన్నబడుతుంది, పసుపుపచ్చని వెన్న తెల్లగా, నురగలా తేలికవుతుంది. పంచదార పలుకులు వెన్నని గీరుతూ అందులోకి గాలి బుడగలు ఎక్కిస్తాయి. తర్వాత బేకింగ్ పౌడరు చేసేది ఆ బుడగల్ని ఇంకా ఉబ్బించడమే. అందుకే ఇక్కడ బద్ధకిస్తే పొయ్యి మీద ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదు. మైదా వేశాక మాత్రం చెయ్యి తేలిగ్గా ఆడాలి. ఎక్కువ తిప్పితే పరోటా పిండిలా సాగుడొచ్చి కేకు గట్టిపడుతుంది.

మా అబ్బాయి మొదటి పుట్టినరోజున పావుగంటకే మూత తీశాను. అప్పటిదాకా పొంగుతున్నది నా కళ్ల ముందే నడుమ గుంటపడింది. ఏడుపొచ్చేసింది. టీచరు గారు చూసి, “లోపలి గోడలు ఇంకా పచ్చిగా ఉన్నాయమ్మా, వేడి తగ్గేసరికి కూలాయి” అన్నారు. ఇప్పటికీ అరగంట దాటేదాకా నేను ఆ మూత ముట్టుకోను.

మా అత్తయ్య గారు గుడ్డు తినరు. మనవల పుట్టినరోజులకి కాస్త దూరంగా నిలబడి చప్పట్లు కొట్టి, కొబ్బరి లౌజు నోట్లో వేసుకునేవారు. నాకది మనసులో ముల్లులా ఉండేది. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిడ తినే కేకే చెయ్యాలనుకున్నాను. బేకింగ్ పౌడరు పుట్టిందీ ఇలాగే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకి గుడ్డూ పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డు పొడి, 1843లో బేకింగ్ పౌడరు తయారుచేశాడాయన. ఇంట్లో ఒక మనిషి తినలేకపోతోందన్న బాధలోంచి పుట్టిన పొడి అది. ఆ సంగతి చదివిన రోజు నుంచి బేకింగ్ పౌడరు డబ్బా అంటే నాకు గౌరవం.

గుడ్డు బదులు కప్పు గట్టి పెరుగు తీసుకున్నాను. ముప్పావు కప్పు పంచదార అందులో కరిగాక, అర చెంచా వంటసోడా, చెంచాంబావు బేకింగ్ పౌడరు వేసి కదపకుండా ఉంచాను. పెరుగు పులుపు తగిలి సోడా బుసబుసా పొంగింది. అప్పుడు అర కప్పు నూనె, ఒకటిన్నర కప్పు మైదా. వెనీలా మానేసి యాలకుల పొడి వేశాను, ఆవిడకి ఆ వాసన ఇష్టం. నలభై నిమిషాలకి కొత్త చీపురుపుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకుండా వచ్చింది.

దీపం ఆర్పనని అత్తయ్య గారు ముందే చెప్పారు. అందుకని కొవ్వొత్తులు పెట్టలేదు. దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చి, కత్తి పట్టుకుని, ఎక్కడ కొయ్యాలో తెలియక పిల్లల వంక చూశారు. చిన్నది చెయ్యి పట్టుకుని కోయించింది. మొదటి ముక్క మామయ్య గారికి ఇచ్చారు. రెండోది తాను తిని, మారు మాట్లాడకుండా ఇంకో ముక్క తీసుకున్నారు.

రాత్రి నేను కుక్కరు కడగబోతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి, “అమ్మాయ్, ఆ ఇసుక పారబొయ్యకు. మీ మామయ్య గారి పుట్టినరోజు కూడా వస్తోందిగా” అన్నారు.