సిరా చుక్క, తీర్మానాల పుస్తకం

డోన్‌లో డిగ్రీ పిల్లలకు ఎన్నికల పాఠం చెప్పే రోజున రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టుకుంటాను. అమెరికా గురించి వెర్బా, ష్లోజ్‌మన్, బ్రేడీ రాసిన ‘వాయిస్ అండ్ ఈక్వాలిటీ’ (1995), మన దేశం గురించి ముకులికా బెనర్జీ రాసిన ‘వై ఇండియా వోట్స్?’ (2014).

మొదటివాళ్లు 15,000 మందిని ఫోన్‌లో ప్రశ్నించి, వాళ్లలో 2,517 మందితో ఎదురుగా కూర్చుని మాట్లాడారు. జనం రాజకీయాలకు దూరంగా ఎందుకుంటారు? వీలు లేక, మనసు లేక, రమ్మని ఎవరూ అడగక. ఈ మూడో మాట మా పిల్లలకు మింగుడుపడదు. గుంటూరు వైపు మిరపకోతల సుగ్గికి పోయినోళ్లకు కూడా ఓటు కోసం బస్సు పెట్టే ఊళ్లు మావి. అమెరికాలో చదువూ డబ్బూ ఉన్నవాళ్లు ఎక్కువ ఓటేస్తే, ఇక్కడ పేదలు వెనకబడరు.

ఎందుకో బెనర్జీ దగ్గర దొరుకుతుంది. 2009 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఆమె బృందం 12 చోట్ల మకాం వేసి చూసింది. వరసలో ఎవరైనా ఒకరి వెనక ఒకరే, ఎవరి ఓటైనా ఒకటే. బేతంచెర్ల నాపరాళ్ల గనుల కూలీ పోలింగ్ నాడు ఉతికిన చొక్కా ఎందుకు తొడుగుతాడో ఆమెను చదివాకే నాకు తెలిసింది.

అయినా నా మొగ్గు అమెరికా పుస్తకం వైపే. డోన్ ఎన్నికల చరిత్ర అడిగితే పిల్లలు కె.ఈ., కోట్ల, బుగ్గన అని పేర్లు చెబుతారు. వాళ్లను గెలిపించినోళ్లు మిగతా అయిదేళ్లూ ఏం చేశారంటే గది మూగబోతుంది. వెర్బా బృందం తవ్వింది ఆ మిగతా రోజుల్నే. ఉత్తరం రాయడం, సభ నడపడం, నలుగురిలో మాట్లాడటం ఎవరికి ఎక్కడ అలవడతాయి? ఉద్యోగంలో కుదరని పేద నల్లజాతివారికి చర్చిలో అలవడ్డాయని వాళ్లు చూపారు.

మాకు ఆ చర్చి పొదుపు గ్రూపు. మా వీధి గ్రూపులో అయిదో తరగతితో బడి మానేసిన ఒకామె తీర్మానాల పుస్తకం రాస్తుంది. మొదట్లో ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. ఇప్పుడు రాసింది లేచి చదివి, ‘ఒప్పుకుంటేనే సంతకం పెట్టండక్కా’ అంటుంది. పోయిన వేసవిలో కొళాయికి నీళ్లు రాకపోతే వీధి తరఫున అర్జీ ఆమే రాసింది. కిందంతా వేలిముద్రలు, ఓటు సిరా పడే ఆ చేతులవే.