పౌరశాస్త్రం: విధేయతా, వివేచనా?

మన ఉన్నత పాఠశాలల్లో పౌరశాస్త్రమంత నిర్జీవంగా బోధింపబడే విషయం మరొకటి లేదు. చరిత్రకు కథ ఉన్నది. భూగోళానికి పటం ఉన్నది. పౌరశాస్త్రానికి మిగిలినవి జాబితాలు. రాష్ట్రపతి కావడానికి 35 ఏళ్లు నిండాలి, రాజ్యసభ సభ్యుల సంఖ్య 250కి మించరాదు అని విద్యార్థి వల్లిస్తాడు. రాష్ట్రపతి పాలన విధిస్తే తన ఊరికి ఏమవుతుందో మాత్రం అతనికి తెలియదు. ఈ నిర్జీవత్వం ఉపాధ్యాయుల అశ్రద్ధవల్ల మాత్రమే వచ్చిందని నేను అనుకోను. దీనికొక చరిత్ర ఉన్నది.

బొంబాయి సివిల్ సర్వీసు ఉద్యోగి విలియం లీ-వార్నర్ 1897లో 'ది సిటిజన్ ఆఫ్ ఇండియా' అనే పాఠ్యగ్రంథం ప్రచురించాడు. పల్లె, పట్టణం, జిల్లా అంటూ పరిపాలనా నిర్మాణాన్ని మెట్టుమెట్టుగా వివరించి, బ్రిటిషు పాలనవల్ల ఒరిగిన మేలును పిల్లలకు బోధించడం ఆ గ్రంథం పని. ఓటు లేని మనిషిని, తన పాలకుణ్ణి తొలగించే హక్కు లేని మనిషిని పౌరుడని పిలవడంలోనే ఆ గ్రంథ స్వభావం బయటపడుతున్నది. అది తయారుచేయదలచింది పౌరుణ్ణి కాదు, విధేయుడైన ప్రజను. మన పౌరశాస్త్రం ఆ ఒడిలో పుట్టింది.

1947 తర్వాత లక్ష్యం మారింది. కనీసం కాగితంమీద మారింది. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952లో నియమితమైన మాధ్యమిక విద్యాసంఘం మరుసటి ఏడు నివేదిక ఇస్తూ, ప్రజాస్వామిక పౌరసత్వాన్ని విద్యాలక్ష్యాలలో ముందు నిలిపింది. సత్యాన్ని అసత్యంనుంచి, వాస్తవాన్ని ప్రచారంనుంచి వేరుచేసి చూడగల బుద్ధి విద్యార్థిలో పెరగాలన్నది. ఇంత ఉదాత్తమైన ఆశయం తరగతి గదికి ఎందుకు చేరలేదు?

జవాబు పుస్తకాల వాక్యాలలోనే దొరుకుతుంది. పాతకాలపు పౌరశాస్త్ర వాక్యాన్ని పరిశీలించండి: పన్నులు సక్రమంగా చెల్లించవలెను, చట్టాలను గౌరవించవలెను, పరిసరాలను శుభ్రంగా ఉంచుకొనవలెను. క్రియలన్నీ విధులే. ఆ చట్టం ఎవరు చేశారు, ఆ పన్ను ఎవరిమీద ఎంత భారం మోపుతున్నది, వీధి ఊడ్చేవాడు ఏ కులంవాడు అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దుచేసిందని చెప్పి పాఠం ముగుస్తుంది. ఊరి బావి దగ్గరికి పాఠం వెళ్లదు.

1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 42వ సవరణ పది ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చింది. హక్కులు తరిగిపోయిన కాలంలోనే విధుల పట్టిక వచ్చిందన్న సంగతి ఏ విద్యార్థీ మరువరాదు. అయితే ఆ పట్టికలోనే శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం కూడా విధిగా ఉన్నది. అంటే ప్రశ్నించడం కూడా పౌరుడి విధే. మన తరగతి గదులలో తక్కువ వినిపించేది సరిగ్గా ఆ విధే.

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ వలస వారసత్వాన్ని గుర్తించింది. దాని ఆధారంగా వచ్చిన పుస్తకాలలో పౌరశాస్త్రం రాజనీతిశాస్త్రంగా మారి, ప్రజాపోరాటాలు పాఠాలయ్యాయి. పన్నెండో తరగతి పుస్తకంలో మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేకోద్యమం చోటుచేసుకున్నది. అక్షరాస్యతా తరగతులకు వెళ్లిన పేద స్త్రీలు, చదివిన అక్షరాన్ని తమ జీవితానికి అన్వయించి, సారా దుకాణంమీద తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే మద్యనిషేధాన్ని సడలించింది. పౌరసత్వం అంటే ఏమిటో, రాజ్యం స్వభావమేమిటో బోధించడానికి ఇంతకంటె మంచి పాఠం ఏమున్నది?

2022లో భారం తగ్గించే పేరిట ఆ అధ్యాయమంతా తొలగించబడింది. పదో తరగతిలో ప్రజాస్వామ్యం - వైవిధ్యం, ప్రజాపోరాటాలు - ఉద్యమాలు, ప్రజాస్వామ్యానికి సవాళ్లు అనే అధ్యాయాలు కూడా పోయాయి. మహమ్మారి కాలంలో చదువు దెబ్బతిన్నది, భారం తగ్గించవలసిందే, కాదనను. కాని ఏది భారమని తీర్మానించారన్నది చూడాలి. వ్యవస్థల వర్ణన భారం కాలేదు; ప్రజలు వ్యవస్థలను కదిలించిన వృత్తాంతం భారమయింది.

ఇక్కడ మనవైపు కూడా ఒక మాట చెప్పుకోవాలి. అభ్యుదయ భావాలున్న ఉపాధ్యాయులు కొందరు పాత జాబితాను తీసివేసి కొత్త నినాదాలను వల్లెవేయిస్తున్నారు. విద్యార్థి చేతిలోని జవాబు మారింది; అతని స్థితి మారలేదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించమని నేర్పి, తనను ప్రశ్నించిన విద్యార్థిని కూర్చోబెట్టే ఉపాధ్యాయుడు నేర్పుతున్నది విధేయతే. ఉపాధ్యాయుడికి అభిప్రాయం ఉండవచ్చు, దాచనక్కరలేదు. కాని దానిని పరీక్షించే ఆధారాలు, దానికి ఎదురు నిలిచే వాదాలు కూడా పిల్లల ముందుంచడం అతని బాధ్యత.

కాబట్టి పౌరవిద్య లక్ష్యాన్ని విద్యార్థుల ముందే చర్చకు పెట్టాలని నా అభిప్రాయం. ఈ పాఠం మనకెందుకు పెట్టారు, ఎవరికి మేలు, ఇందులో ఏది లేదు అని పదో తరగతి పిల్లలు అడగగలరు. లీ-వార్నర్ కాలపు పుస్తకాన్ని, మొదలియారు నివేదికను, నేటి పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి పౌరుడు అనే మాటకు ఎక్కడ ఏ అర్థం ఉన్నదో వారిచేత వెతికించవచ్చు. గ్రామసభ ఎప్పుడు జరిగింది, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అని వారిచేత ఊళ్లో విచారింపజేయవచ్చు. 2005 సమాచార హక్కు చట్టాన్ని వల్లెవేయించడానికి బదులు, దరఖాస్తు ఎలా రాస్తారో తరగతిలో రాయించవచ్చు.

పదిహేనేళ్ల విద్యార్థి మరో మూడేళ్లలో ఓటరు అవుతాడు. ఓటు వేయడానికి వేలు చాలు. ఎందుకు వేస్తున్నానో తెలియడానికి వివేచన కావాలి. దానిని అలవరచడం ఏ పుస్తకం నుంచి ఏ అధ్యాయం తొలగించినా ఆగవలసిన పని కాదు. దూబగుంట స్త్రీల చేతిలో ఉన్నది కూడా ఒక చిన్న వాచకమే.