చూరు కింద శ్లాబు

మాది కోనసీమలో సున్నం అడుసుతో కట్టిన పాత పెంకుటిల్లు. ఇంటి గచ్చు కంటే అరుగు అడుగున్నర దిగువన ఉండేది. జల్లు కొడితే దాని మీద కూర్చోలేం. మూడేళ్ల కిందట అరుగు తీయించి, మట్టి నింపించి, నాలుగు స్తంభాల మీద శ్లాబుతో వరండా వేయించాను. గచ్చు లోపలికీ బయటికీ సమంగా ఉండాలన్నది నా ముచ్చట. "మెట్టు ఉంచేద్దామండి, గోడకి మట్టి తగలకూడదండి" అని మేస్త్రి ఒకసారి అన్నాడు. నేను వినలేదు. పనిలో పనిగా ఆ గోడకు సిమెంటు పూత కూడా పూయించాను.

ఏడాది తిరిగేసరికి ముందుగదిలో మోకాలెత్తు దాకా నిమ్ము. సున్నం పొరలుగా రాలి, కింద తెల్లటి ఉప్పు పొంగింది. పెంకులు కారుతున్నాయనుకున్నాను. పెంకు నీళ్ల పాపమూ కొంత ఉంది: చూరు నుంచి శ్లాబు మీద పడి, శ్లాబూ గోడా కలిసేచోట లోపలికి దిగుతున్నాయి. కానీ అక్కడి మరక వానాకాలంలోనే కనిపించేది. కిందిది మాత్రం మండుటెండల్లోనూ ఆరలేదు. అది నేల నుంచి ఎక్కుతున్నదన్నమాట.

ఒత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్లు పీలుస్తుంది. మా ఇల్లు కట్టిన రోజుల్లో పునాది మీద నిమ్ము ఆపే పొర వేసేవారు కాదు. ఇల్లు ఎత్తుగా కట్టి, సున్నం పూసేవారు. ఎక్కిన తడి సున్నంలోంచి బయటికి ఆరిపోయేది. నేను కింద మట్టి ఆనించాను, పైన సిమెంటు కప్పాను. తడికి పైకి ఎక్కడం తప్ప దారి లేకపోయింది. నిమ్ము ఆపే పెయింటు వేసుకోమన్నవాళ్లూ ఉన్నారు. దానివల్ల నిమ్ము ఆగదు, కనపడకుండా ఉంటుంది, అదీ కొన్నాళ్లే.

మట్టంతా తవ్వించాం. వరండా ఇప్పుడు ఇంటి గచ్చుకు రెండు మెట్లు దిగువన, వీధివైపు పది అడుగులకు రెండు అంగుళాల వాలుతో ఉంది. గోడ వెంబడి జానెడు మేర గచ్చు వేయకుండా కంకర పోశాం. శ్లాబు పైన గోడలో అంగుళం గాడి కొట్టి జింకు రేకు దూర్చి, సున్నంతో మూశాం. రేకు రెండో అంచు శ్లాబు మీదికి వాలి ఉంటుంది. సిమెంటు పూత రాల్చి మళ్లీ సున్నమే పూశాం. ఈ చివరి పనికే డబ్బు ఎక్కువైంది. సున్నం పని తెలిసిన చేతులు ఊళ్లో రెండే మిగిలాయి మరి.

వరండా వేయించబోయేవారు ముందు పాత గోడ అడుగున మట్టి ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. తడిసిన గోడ ఆరడానికి మందం అంగుళానికి నెల చొప్పున పడుతుందని ఒక మోటు లెక్క. మాది పద్దెనిమిది అంగుళాల గోడ. ఇంకా ఏడు నెలలుంది. అందాకా సోఫా గదికి నడిమధ్యనే.