సంభావ్యత – నిష్పక్షపాతం

సంభావ్యత అంటే ప్రయోగం పదేపదే చేస్తే ఒక ఫలితం ఎన్నిసార్లు వస్తుందన్న లెక్కేనంటుంది ఒక పక్షం. ఆధారాలతోపాటు మారే నమ్మకపు కొలత అంటుంది, 1763లో అచ్చయిన బేయీస్ వ్యాసాన్ని అనుసరించే రెండో పక్షం. విలోమ సంభావ్యతను పూర్తిగా విసర్జించాలని 1925 నాటి గ్రంథంలో ఫిషర్ శాసించాడు. ఆ ఫిషరే పొగాకు ఉత్పత్తిదారులకు సలహాదారుగా ఉంటూ, సిగరెట్టు వల్లనే ఊపిరితిత్తుల కేన్సరు వస్తుందని రుజువు కాలేదనీ, రెండింటికీ వంశపారంపర్యమే మూలం కావచ్చుననీ 1957–58లో వాదించాడు. సంబంధం ఉన్నదని అంకెలు చెబుతూనే ఉన్నాయి. కారణం విషయంలో మొగ్గు మాత్రం ఆయనది.

తప్పుడు నిర్ణయాల రేటును అదుపులో ఉంచే నేమన్ లెక్కను మనం వదులుకోనక్కరలేదు. కాని ముందస్తు అభిప్రాయం ఏ పక్షాన్నీ విడిచిపెట్టదు. బేయీస్ పద్ధతిలో దాన్ని లెక్కలో బాహాటంగా రాయక తప్పదు. రాసినదాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు, దాచినదాన్ని ప్రశ్నించడమెలా?