రాబందు లేని లెక్క

ఒక రసాయనం వల్ల ప్రకృతికి ఎంత ముప్పో అంచనా వేసే పద్ధతి పైకి చాలా సాదాగా కనిపిస్తుంది. మందు నేలలో, నీళ్లలో, తిండిలో ఎంత మేరకు చేరుతుందో ఒక పక్క. ప్రాణికి హాని చేయని మోతాదు ఎంతో మరో పక్క. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకె ఒకటి దాటితే జాగ్రత్త పడాలి. పరీక్షలకు చేప, వానపాము, తేనెటీగ, కౌజు పిట్ట లాంటివి కొన్నే ప్రాణులు. ఈ లెక్కను ఎవరైనా మళ్లీ చేసి సరిచూడవచ్చు, రెండు మందుల్లో ఏది నయమో తేల్చవచ్చు. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ లెక్కలోకి ఎవరిని తీసుకున్నారు?

1990ల చివర్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కియోలాదేవ్ పార్కులో రాబందులు మెడలు వాల్చేసి చనిపోతుండడాన్ని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాష్ గమనించారు. కారణం 2004లో తేలింది. పాకిస్తాన్‌లో శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పరిశీలించిన రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి, లోపలి అవయవాలపై యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుంది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ కళేబరం ద్వారా వాటికి చేరింది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992, 2007 మధ్య 99.9 శాతం తగ్గిపోయాయి. పశువుకిచ్చిన సూదిమందు పక్షి కడుపులోకి చేరే దారిని ఆ మందుకు అనుమతిచ్చినప్పుడు ఎవరూ గీసి చూడలేదు.

పోనీ, రాబందు మీదే పరీక్షించి ఉంటే? అమెరికాలోని టర్కీ రాబందు మన రాబందులను చంపే మోతాదుకు వంద రెట్లు మించి ఇచ్చినా తట్టుకుంది. పేరు ఒకటే అయినా అది దగ్గరి చుట్టం కాదు. దాన్ని ఎంచుకుని ఉంటే మందు నిక్షేపంగా పాసయ్యేది.

అయినా ఈ పద్ధతిని కొట్టిపారేయడం అన్యాయం. ప్రశ్న సరిగ్గా పడ్డాక అదే లెక్క గొప్పగా పనిచేసింది. నూటికి ఒక్క కళేబరం కన్నా తక్కువలో ప్రాణాంతకమైన మోతాదు ఉన్నా ఈ పతనానికి చాలని తేల్చింది. మరో నొప్పిమందు మెలాక్సికామ్‌ను ముందు ఆఫ్రికా రాబందులకు, తర్వాత మన దేశపు వాటికి అంచెలంచెలుగా ఇచ్చి చూసి, సురక్షితమని నిర్ధారించారు. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించినప్పుడు రైతుకు ప్రత్యామ్నాయం చేతిలో ఉంది.

ఆ పాఠం మిగతా మందులకు అందలేదు. ఆవు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారే ఎసిక్లోఫెనాక్‌ను, మరో మందు కీటోప్రొఫెన్‌ను 2023లో గానీ పశువైద్యంలో నిషేధించలేదు. మందు అంగడికి వచ్చాక శాస్త్రవేత్తలు, పరిరక్షకులు వెంటపడి పరీక్షిస్తున్నారు. 2013లో తెలంగాణ ప్రాంతంలోని బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. అలాంటి గుట్టల చుట్టూ పశువులకు వాడే ప్రతి కొత్త నొప్పిమందునూ అమ్మకానికి ముందే, తయారీదారు ఖర్చుతోనే, రాబందుల భద్రత కోసం పరీక్షించాలి.