తెలిసి ఆడే అబద్ధం

"వాన పడకపోయి ఉంటే వచ్చేవాణ్ణి" అనడానికి తెలుగువాడు ఏ బడికీ వెళ్లక్కర్లేదు. అదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే మాత్రం తడబడి, ఇఫ్ పక్కన కూడా వుడ్ తగిలించేస్తాం. బడిలో దీన్ని షరతు వాక్యాల పట్టికగా బట్టీ పట్టిస్తారు. జరగలేదని తెలిసీ జరిగినట్టు ఎందుకు అనుకోవాలి, అనుకుని ఏం సాధిస్తాం? ఈ సంగతి పట్టికలో ఉండదు, న్యాయశాస్త్రంలో ఉంది. కోర్టుల న్యాయం కాదు, మన పాత దర్శనాల్లో ఒకటైన న్యాయం.

ఆ శాస్త్రం ఇంగ్లీషు చదువుతో తలపడిన ఊరు కలకత్తా. న్యాయం చదివితే బుద్ధి వికసించదని, సంస్కృత పాఠశాలకు బదులు ఐరోపా విజ్ఞానం నేర్పమని రామ్మోహన్ రాయ్ 1823లో గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశారు. అయినా 1824లో సర్కారు సంస్కృత కళాశాల తెరిచింది. ఈ శాస్త్రంలో అడుగుపెట్టేవాళ్లు నేటికీ ముందుగా పట్టే పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు, మనవాడే.

తర్కం అంటే మనకిప్పుడు వాదన. అన్నంభట్టు నిర్వచించిన తర్కం ‘ఇలా అయితే అలా అయ్యేది’ అనే ఊహ. చిత్రమేమిటంటే, దాన్ని ఆయన సందేహం, భ్రమల పక్కన, తప్పు జ్ఞానాల వరసలో కూర్చోబెట్టాడు. తాడును చూసి పామనుకున్నవాడికి తను పొరబడ్డట్టు తెలియదు. తర్కించేవాడికి తెలుసు, కావాలనే అనుకుంటాడు. ఇంగ్లీషు వుడ్ హ్యావ్, సంస్కృతంలో పాణిని లృఙ్ అన్న క్రియారూపం, మన ‘ఉంటే... ఉండేది’ ఇలా కావాలని అనుకున్నదని వినేవాడికి చెప్పే గుర్తులే.

కొండ మీద పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నా నిప్పు లేకపోవచ్చుగా అని ఒకడు అడ్డు తగిలాడు. సరే, నిప్పు లేదనే అనుకుందాం, అప్పుడు పొగ కూడా ఉండేది కాదు. పొగేమో కళ్లెదుటే ఉంది! అక్కడితో వాడి నోరు మూతపడింది. అయితే నిప్పుందని తేల్చింది తర్కం కాదు, గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే అనుమాన ప్రమాణం. తర్కం దాని దారిలో ముళ్లు ఏరింది, అంతే. ఊహకు ఈ హద్దు గీయడమే నా దృష్టిలో నైయాయికుల, అంటే ఈ న్యాయశాస్త్రం వాళ్ల, గొప్పతనం.

మొండివాడు ఊరుకుంటాడా? నిప్పు లేకపోతే పొగ ఉండదని మాత్రం ఎలా తెలుసంటాడు. దానికింకో తర్కం, దాని మీద మరో సందేహం. ఈ అంతులేని వరసకు అనవస్థ అని పేరు. నీ నడతతోనే పొసగని చోట సందేహం ఆగాలన్నాడు నైయాయికుడు ఉదయనుడు. శ్రీహర్షుడు ఆ మాటను ఆయన మీదికే తిప్పికొట్టాడు. మన శ్రీనాథుడు తెనిగించిన నైషధం ఈయనదే. కవిత్వంలో ఎంత సుకుమారమో వాదంలో అంత కర్కశం. 14వ శతాబ్దంలో మిథిలలో గంగేశుడు ఉదయనుడి పక్షం తీసుకుని, సందేహించేవాణ్ణి ఇలా నిలదీశాడు. పొగ కావాల్సినప్పుడు నిప్పే ఎందుకు వెతుక్కుంటావు? కడుపు నిండడానికి అన్నమే ఎందుకు తింటావు? నీ సందేహం నాకు చెప్పడానికి మాటలే ఎందుకు వాడుతున్నావు?

గంగేశుడి తత్త్వచింతామణిని 19వ శతాబ్దం చివర్లో అచ్చువేసింది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ. తర్కసంగ్రహానికి గోపీనాథ భట్టాచార్య ఇంగ్లీషు అనువాదం 1976లో ఆ ఊళ్లోనే వెలువడింది. సంస్కృత కళాశాలలో పాఠాలు చెప్పిన బిమల్ కృష్ణ మతిలాల్ అదే ఏడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడై, ఈ వాదాలను ఇంగ్లీషు తత్త్వవేత్తలకు వాళ్ల భాషలోనే వినిపించాడు. మన ఇంగ్లీషు మాస్టార్లు కూడా ఓ పూట పట్టిక పక్కనపెట్టి, ఒక పిల్లాడిచేత సందేహం లేవనెత్తించి, రెండోవాడిచేత వుడ్‌తో జవాబు చెప్పిస్తే బాగుండును.