మంబోజిపల్లిలో మొదటి పద్దు

ఏడుపాయల దగ్గర మంజీర చీలిపోయి వనదుర్గమ్మ గుడిని చుట్టి వెళ్తుంది. గుడికి ఎగువన 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల్లో పారే నీటి కింద ఇరవై వేల ఎకరాలకు పైగా సాగవుతుంది. ఈ ప్రాంతపు చెరకు మెదక్ పక్కనే ఉన్న మంబోజిపల్లి నిజాం చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లేది. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా లేఆఫ్ ప్రకటించారు. అప్పటి నుంచి ఈ ఫ్యాక్టరీల మాట వస్తే బ్యాంకు అప్పులు, భూములు, యంత్రాల గురించే ఎక్కువగా వింటాం. కార్మికుడి సంగతి చివర్లో, బకాయి జీతాల కింద వస్తుంది. ఈ వరుసే తప్పని నా వాదన.

చక్కెర తయారీలో పాన్ మ్యాన్ పని చూస్తే ఎందుకో తెలుస్తుంది. చిక్కబడ్డ చెరకు పాకం పాన్‌లో ఉడుకుతుంటే మధ్యమధ్యలో కొంచెం తీసి గాజుపలక మీద వేసి, వెలుతురుకు పట్టి పలుకు కట్టిన తీరు చూస్తాడు. పలుకు సమంగా ఎదగకపోతే చక్కెర మొలాసిస్‌లోకి జారిపోతుంది, చెరకు నుంచి దక్కే చక్కెర శాతం (రికవరీ) పడిపోతుంది. ఈ చూపు పుస్తకంతో రాదు. ఏళ్ల తరబడి పెద్ద పనివాడి పక్కన నిలబడితేనే వస్తుంది. ఏడాదిలో కొన్ని నెలలే క్రషింగ్ నడిచే ఈ పరిశ్రమలో, ఖాళీ నెలల్లో సీజనల్ కార్మికులకు కొంత భత్యం ఇచ్చే పద్ధతి అందుకే పుట్టింది. అది దయ కాదు, వచ్చే సీజన్‌కు ఆ చేతులను నిలుపుకునే లెక్క. ఆ మనిషి ఒకసారి వలస పోతే అతనితో పాటు నేర్పు కూడా పోతుంది. యంత్రం తుప్పు పడితే మళ్లీ కొనొచ్చు.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. కరువుకు మంజీర ఎండితే, చెరకు రాకపోతే, నష్టాల్లో ఉన్న సంస్థ కార్మికుడి నేర్పు గురించి, అతని ఎదుగుదల గురించి ఏం ఆలోచిస్తుంది? 2015 కరువు నిజమే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ సింగరేణి బొగ్గు గనుల సంస్థను చూడండి. 1990లలో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప తొక్కిన సంస్థ అది. కోలుకున్నాక లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. 2024లో ఆ వాటా 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు. వాటా ఇచ్చినందుకే లాభాలొచ్చాయని నేను అనను, బొగ్గుకు గిరాకీ ఉంది. వాటా ఇస్తే సంస్థ మునుగుతుందన్న భయానికి మాత్రం అక్కడ ఆధారం దొరకదు. నన్ను కలవరపెట్టేది ఇంకొకటి: అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు దక్కింది తలా 5,000 రూపాయలే, అదీ తొలిసారి. ఒకే పనిచోట రెండు రకాల మనుషులున్నారు. ఇంకోచోట మనుషుల లెక్కే దొరకలేదు. ఉమ్మడి మెదక్ జిల్లాలోని పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. గల్లంతైనవాళ్ల లెక్క తేలడానికే రోజులు పట్టింది. లోపల ఎవరున్నారో వెంటనే చెప్పలేని చోట ఎదుగుదల మాట ఎత్తడానికి నోరు రాదు.

నిజాం చక్కెర ఫ్యాక్టరీలను తెరిపించే మార్గం చూడమని 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. మంబోజిపల్లిలో మళ్లీ పొగ రావాలంటే చెరకు విత్తనం, కాలువ నీళ్లు ఎంత అవసరమో, పాత పాన్ మ్యాన్లు, ఫిట్టర్లు, బాయిలర్ పనివాళ్లు ఎక్కడున్నారో వెతికి, బకాయిలు తీర్చి, వాళ్ల పక్కన కుర్రవాళ్లను నిలబెట్టడం అంతే అవసరం. ఆ ఖర్చు ప్రాజెక్టు అంచనాలో సంక్షేమం కింద కాదు, యంత్రాల కంటే ముందు రాయాలి.